గొంతు దిగని మందుకు మరో దారి

సిరంజి డ్రైవర్ చిన్న చేతిసంచిలో పట్టే పంపు. బ్యాటరీతో నడుస్తుంది. మందు నింపిన సిరంజిని దీనికి బిగిస్తే, సిరంజి పిడిని కంటికి కనిపించనంత నెమ్మదిగా నెడుతూ, సన్నని గొట్టం గుండా మందును రోగి చర్మం కిందికి 24 గంటలపాటు పంపుతుంది. మరుసటి రోజు కొత్త సిరంజి బిగిస్తారు. యంత్రం చేసే పని ఇంతే. అయితే మాత్ర మింగలేని స్థితికి చేరిన క్యాన్సర్ రోగికి నొప్పి, వాంతులు, ఆందోళన అదుపులో ఉంటాయా లేదా అన్నది చాలాసార్లు ఈ చిన్న పని మీదే ఆధారపడి ఉంటుంది.

పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స, వ్యాధిని పూర్తిగా నయం చేసే వీలు లేనప్పుడు కూడా బాధను తగ్గించడానికి చేసే వైద్యం. ఇందులో మందు ఇవ్వడానికి అన్నిటికంటే మంచి దారి నోరే. మార్ఫిన్ మాత్ర మింగగలిగినంత కాలం సూదితో పని లేదు. ఆ దారి మూసుకుపోయే రోజులు కొన్ని వస్తాయి. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ ఉన్నవారికి గుటక పడదు. పొగాకు, గుట్కా అలవాట్ల వల్ల ఈ రకం క్యాన్సర్లు తెలుగు జిల్లాల్లో బాగా కనిపిస్తాయి కాబట్టి ఇది మనకు దూరపు సమస్య కాదు. కొందరికి పేగులో అడ్డు ఏర్పడి తిన్నదీ తాగినదీ వాంతి అయిపోతుంది. మింగిన మాత్ర కూడా దాంతోపాటే బయటికి వస్తుంది. ఇంకొందరు నీరసించి మగతలోకి జారుకుంటారు, పిలిస్తే కళ్లు తెరుస్తారు కానీ మాత్ర మింగే శక్తి ఉండదు. క్యాన్సరే కానక్కర లేదు. గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు చివరి దశకు చేరినవారికీ, కండరాలను కదిలించే నరాలు క్రమంగా దెబ్బతినే మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్నవారికీ ఇదే పరిస్థితి ఎదురవుతుంది.

అలాంటప్పుడు ఇంట్లోవాళ్లకు మొదట తట్టేది సెలైన్ సీసా. నరంలోకి ఎక్కించడం ఆసుపత్రిలో సులువే. కానీ నెలల తరబడి కీమోథెరపీ చేయించుకున్నవారికి నరం దొరకడమే కష్టం. దొరికినా రెండు మూడు రోజులకే పాడవుతుంది, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, ఇంటి దగ్గర చూసుకోవడానికి నర్సు కావాలి. కండరంలోకి సూది పొడుద్దామంటే, చిక్కి శల్యమైన ఒంటికి కండ ఎక్కడుంది? పైగా ఆ సూది నొప్పి. చర్మానికీ కండరానికీ మధ్య ఉండే కొవ్వు పొరలో మాత్రం సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. అక్కడికి చేరిన మందు నిదానంగా, నమ్మకంగా రక్తంలో కలుస్తుంది. మార్ఫిన్ ప్రభావం ఇంజెక్షన్‌గా ఇస్తే సుమారు నాలుగు గంటలుంటుంది, అంటే రోజుకు ఆరు సూదులు. అర్ధరాత్రి పడాల్సిన సూది ఆలస్యమైతే తెల్లవారేసరికి నొప్పి తిరగబెడుతుంది. వేసిన కాసేపటికి మగత కమ్ముతుంది, తర్వాత మళ్లీ బాధ. పంపు ఈ ఎగుడుదిగుళ్లను చదును చేస్తుంది. రక్తంలో మందు రోజంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది.

ఇక్కడే ఒక అపోహను పక్కన పెట్టాలి. పంపు ద్వారా వెళ్లే మార్ఫిన్, సరైన మోతాదులో వేసుకున్న మాత్ర కంటే నొప్పిని ఎక్కువగా తగ్గించదు. మాత్ర సరిగా ఒంటపడుతున్నా నొప్పి తగ్గలేదంటే సమస్య దారిలో లేదు. మోతాదులోనో మందు ఎంపికలోనో ఉంది. అలాంటి రోగికి పంపు పెట్టినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వాంతులు తగ్గి మళ్లీ మింగగలిగితే పంపు తీసేసి మాత్రలకు తిరిగి రావచ్చు. అలా వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఈ పరికరాన్ని రూపొందించినది బ్రిటన్‌కు చెందిన మార్టిన్ రైట్. ఉబ్బసం రోగులు ఊది చూసే పీక్ ఫ్లో మీటరు కూడా ఆయన చేతి పనే. 1970లలో ఆయన తయారు చేసిన చిన్న పంపును మొదట వాడింది మరణశయ్య మీద ఉన్నవారికి కాదు, తలసీమియా పిల్లలకు. పదే పదే రక్తం ఎక్కించడం వల్ల వాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. దాన్ని బయటికి తీసే డెస్‌ఫెరాక్సమిన్ మందును చర్మం కింద గంటల తరబడి నెమ్మదిగా ఇవ్వాలి. పిల్లవాడు నిద్రపోతుండగా ఈ పంపు ఆ పని చేసేది. క్యాన్సర్ చివరి దశ రోగులకు నొప్పి మందు ఇవ్వడానికీ ఇదే పనికొస్తుందని 1979లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాడు. సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం) స్థాపించి, నొప్పిని ముదిరాక కాదు, ముదరకముందే క్రమం తప్పకుండా మందిచ్చి అదుపు చేయాలన్న పద్ధతిని అప్పటికే పాదుకొల్పింది. ఆ పద్ధతికి ఈ పంపు అతికినట్టు సరిపోయింది. కొన్నేళ్లలోనే బ్రిటన్‌లోని హాస్పిస్‌లకూ, ఇళ్ల వద్ద సేవ చేసే నర్సులకూ ఇది నిత్యం వాడే వస్తువైపోయింది.

పాత పంపుల్లో ఒక ప్రమాదం దాగి ఉండేది. గ్రేస్‌బీ సంస్థ రెండు నమూనాలు తయారుచేసింది. ఎంఎస్ 16ఎ నీలం రంగుది, ఎంఎస్ 26 ఆకుపచ్చది. రంగు తప్ప చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. నీలం పంపు మీద పెట్టే అంకె సిరంజి పిడి గంటకు ఎన్ని మిల్లీమీటర్లు కదలాలో చెబుతుంది. ఆకుపచ్చ పంపు మీద అదే అంకె 24 గంటలకు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. సిరంజిలో మందు పొడవు 48 మిల్లీమీటర్లు ఉందనుకుంటే ఆకుపచ్చ పంపులో 48 అని పెట్టాలి, నీలం దాంట్లో 2 అని పెట్టాలి. పొరపాటున నీలం పంపులో 48 పెడితే రోజంతా వెళ్లాల్సిన మార్ఫిన్ ఒక్క గంటలో ఒంట్లోకి వెళ్లిపోతుంది. ఇలాంటి పొరపాట్లు నిజంగానే జరిగాయి, ప్రాణాలు పోయాయి. అలసిపోయిన నర్సును తప్పుపట్టడం తేలిక. కానీ ఒకేలా కనిపించే రెండు యంత్రాలకు రెండు వేర్వేరు కొలతలు పెట్టి ఒకే వార్డులో ఉంచడమే అసలు తప్పు. బ్రిటన్ రోగి భద్రతా సంస్థ 2010 డిసెంబరులో హెచ్చరిక జారీ చేసి, ఐదేళ్లలో పాత పంపుల స్థానంలో సురక్షితమైనవి తెచ్చుకోవాలని ఆసుపత్రులను ఆదేశించింది. ఇప్పటి పంపులు వేగాన్ని గంటకు మిల్లీలీటర్లలో చూపుతాయి. మెకిన్లీ టీ34 వంటివి సిరంజి పరిమాణాన్ని తామే గుర్తిస్తాయి. గొట్టం మూసుకుపోతే, బ్యాటరీ అయిపోవస్తే, సిరంజి ఊడితే మోగుతాయి. ఎవరూ మీటలు మార్చకుండా తాళం వేసుకునే పెట్టె కూడా ఉంటుంది.

యంత్రం ఎంత భద్రమైనదైనా మందు రాసే చేయి సరిగా లేకపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంగ్లండ్‌లోని గోస్పోర్ట్ వార్ మెమోరియల్ ఆసుపత్రి ఉదంతం చాలు. 1989 నుంచి 2000 వరకు అక్కడ వైద్యపరమైన అవసరం లేకుండానే మార్ఫిన్ జాతి మందులు ఇవ్వడం వల్ల 456 మంది రోగుల ఆయువు తగ్గిందని స్వతంత్ర విచారణ సంఘం 2018 జూన్‌లో తేల్చింది. వారిలో చాలామంది కోలుకోవడానికి చేరిన వృద్ధులు. రోగి స్థితి మారకముందే, కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య విపరీతమైన తేడాతో సిరంజి డ్రైవర్ మందులు ముందుగానే రాసిపెట్టడం అక్కడ ఆనవాయితీ అయింది. ఈ ఉదంతం చదివి సిరంజి డ్రైవర్ అంటేనే హడలిపోయేవాళ్లున్నారు. నిజానికి ఇది చెప్పేది వేరు. ఏ మందు, ఎందుకు, ఎంత అన్న మూడు ప్రశ్నలకు జవాబు రోగి కాగితం మీద రాసి ఉండాలి. ఆ రాత లేని చోట పంపు ఉండకూడదు.

సరైన చోట ఈ లెక్క ఎలా వేస్తారో చూద్దాం. ఒక రోగి నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర వేసుకుంటూ నొప్పి లేకుండా ఉన్నాడు. ఇప్పుడు వాంతుల వల్ల మాత్ర నిలవడం లేదు. రోజుకు ఆరు మాత్రలు, మొత్తం 60 మిల్లీగ్రాములు. నోటి ద్వారా తీసుకున్న మార్ఫిన్‌లో చాలా భాగాన్ని కాలేయం మొదటి దఫాలోనే మార్చేస్తుంది కాబట్టి చర్మం కింద ఇచ్చేటప్పుడు అందులో సగం చాలు. అంటే 24 గంటలకు 30 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే ఆంప్యూళ్లు మూడు, అంటే 3 మిల్లీలీటర్లు. వాంతికి మెటోక్లోప్రమైడ్ 30 మిల్లీగ్రాములు కలపాలనుకుంటే, 10 మిల్లీగ్రాముల ఆంప్యూళ్లు మూడు, మరో 6 మిల్లీలీటర్లు. మొత్తం 9. దీనికి ఇంజెక్షన్ నీళ్లు కలిపి 17 మిల్లీలీటర్లు చేస్తే పంపు గంటకు సుమారు 0.7 మిల్లీలీటరు పంపుతుంది. చెంచాడు నీటికంటే చాలా తక్కువ. అందుకే చర్మం కింద వాపు రాదు. మధ్యలో ఎప్పుడైనా నొప్పి పెరిగితే విడిగా వేయడానికి రోజు మోతాదులో ఆరో వంతు, ఈ లెక్కన 5 మిల్లీగ్రాములు, ముందే రాసి ఉంచుతారు. అలా విడి మోతాదులు పదే పదే అవసరమైతే మర్నాటి సిరంజిలో మార్ఫిన్ పెంచుతారు. ఈ అంకెలు పద్ధతి అర్థం కావడానికే. ఏ ఇద్దరు రోగుల మోతాదూ ఒకటి కాదు, ఇంట్లో ఎవరూ సొంతంగా ఈ లెక్క వేయకూడదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పంపు మొదలుపెట్టగానే ఉపశమనం రాదు. మందు బొట్టు బొట్టుగా వెళ్తుంది కనుక రక్తంలో చాలినంత చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. రోగి అప్పటికే నొప్పితో మెలికలు తిరుగుతుంటే పంపు బిగించి వెళ్లిపోవడం అన్యాయం. ముందు ఒక విడి ఇంజెక్షన్ ఇచ్చి నొప్పిని దించి, ఆ వెంటనే పంపు పెట్టాలి. ఫెంటానిల్ అనే నొప్పి మందు పట్టీ అంటించుకుని ఉన్నవారి విషయంలో చివరి రోజుల్లో ఆ పట్టీని తీసేయకుండా అలాగే ఉంచి, అదనంగా కావలసినంత మందునే పంపులో ఇవ్వడం మామూలు. పట్టీ తీసేసినా చర్మంలో నిలవున్న మందు చాలా గంటలపాటు రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. ఆ లెక్క తప్పితే మోతాదు రెట్టింపయ్యే ప్రమాదముంది.

ఈ పంపులోకి వెళ్లేది మార్ఫిన్ ఒక్కటే కాదు. ఒకే సిరంజిలో రెండు మూడు మందులు కలిపి వేర్వేరు బాధలకు ఒకేసారి చికిత్స చేయవచ్చు. దీని ఉపయోగమంతా అందులోనే ఉంది. మార్ఫిన్ నొప్పితోపాటు ఆయాసాన్నీ తగ్గిస్తుంది. ఊపిరి అందడం లేదన్న భయాన్ని చల్లార్చడానికి తక్కువ మోతాదు చాలు. వాంతికి మందు ఎంచుకోవాలంటే ముందు కారణం తెలియాలి. రక్తంలో కాల్షియం పెరగడం వల్లో, మూత్రపిండాలు దెబ్బతినడం వల్లో, మార్ఫిన్ వల్లో వచ్చే వికారానికి హాలోపెరిడాల్ కొద్ది మోతాదులో బాగా పనిచేస్తుంది. జీర్ణాశయం కదలిక మందగించి వచ్చే వాంతికి మెటోక్లోప్రమైడ్ మంచిది. కానీ పేగు పూర్తిగా మూసుకుపోయి కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తున్నప్పుడు అదే మెటోక్లోప్రమైడ్ హాని చేస్తుంది. మూసుకున్న పేగును ఇంకా గట్టిగా కదిలిస్తుంది కనుక నొప్పి ఎక్కువవుతుంది. అప్పుడు కావలసింది పేగు కండరాలను సడలించి స్రావాలను తగ్గించే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్. బస్కోపాన్ పేరుతో అందరికీ తెలిసిన మందే ఇది. స్రావాలు మరీ ఎక్కువైతే ఆక్ట్రియోటైడ్ వాడతారు. పేగు మూసుకుపోయి, శస్త్రచికిత్సకు తట్టుకోలేని రోగికి ముక్కులో గొట్టం లేకుండా వాంతులు తగ్గించగలగడం ఈ పంపు సాధించిన పెద్ద మేలు.

చివరి రోజుల్లో కొందరు ఉన్నట్టుండి అలజడి పడతారు. దుప్పటి లాగేస్తారు, లేవబోతారు, మనుషులను గుర్తుపట్టరు. దీనికి మిడాజొలాం అనే మత్తు మందు వాడతారు. అయితే మంచి నర్సు ముందు పొత్తికడుపు మీద చేయి పెట్టి చూస్తుంది. మూత్రం బిగబట్టి ఉందా, మలబద్ధకం ఉందా, చెప్పుకోలేని నొప్పి ఎక్కడైనా ఉందా అని వెతుకుతుంది. మూత్రాశయం నిండి ఉన్నవాడికి మత్తు మందు కాదు, మూత్రపు గొట్టం కావాలి. ఇక గొంతులో గురగుర శబ్దం. చివరి గంటల్లో రోగి ఉమ్మి మింగలేక, దగ్గలేక అది గొంతులో చేరి శ్వాసతోపాటు చప్పుడు చేస్తుంది. రోగి సాధారణంగా స్పృహలో ఉండడు కనుక అతనికి అది బాధ కాదు. పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రం గుండె తరుక్కుపోతుంది. హయోసిన్, గ్లైకోపైరొలేట్ కొత్త స్రావాలు ఊరకుండా ఆపుతాయి కానీ అప్పటికే చేరినదాన్ని ఆరబెట్టలేవు. కాబట్టి శబ్దం మొదలవగానే ఇవ్వాలి. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం కూడా మందుతో సమానమే.

అన్ని మందులూ ఒకదానితో ఒకటి కలవవు. కొన్ని కలిపితే సిరంజిలో తెల్లని తరకలు తేలతాయి, ద్రావణం మబ్బుగా మారుతుంది. అలాంటిది ఎట్టి పరిస్థితుల్లోనూ రోగికి ఎక్కించకూడదు. వాంతులకు బ్రిటన్‌లో విరివిగా వాడే సైక్లిజిన్‌ను సెలైన్‌లో కలిపితే స్ఫటికాలుగా విడిపోతుంది, దానికి ఇంజెక్షన్ నీళ్లే వాడాలి. డెక్సామెథసోన్ చాలా మందులతో పేచీ పెడుతుంది, అందుకే విడిగా ఇస్తారు. డైజిపాం, క్లోర్‌ప్రొమజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ చర్మాన్ని మండించి గాయపరుస్తాయి కనుక ఈ దారికి పనికిరావు. నీళ్లెక్కువ కలిపి పలుచన చేస్తే సూది పెట్టినచోట మంట తగ్గుతుంది, మందులు విడిపోయే అవకాశమూ తగ్గుతుంది. ఏది దేనితో కలుస్తుందో చెప్పే పట్టికలు ఉపశమన చికిత్స బృందాల దగ్గర ఉంటాయి. మూడు మందులకు మించి కలపాల్సి వచ్చినప్పుడు అనుభవమున్నవారు సైతం ఆ పట్టిక చూసే కలుపుతారు.

సూది పెట్టే చోటు ఎంపికలోనూ ఆలోచన ఉంది. ఛాతీ పైభాగం, భుజం వెలుపలి వైపు, పొట్ట, తొడ అనుకూలమైనవి. మతి స్థిమితం లేక గొట్టం లాగేసుకునే రోగికి వీపు మీద భుజపుటెముక దగ్గర పెడితే చేయి అందదు. నీరు పట్టి ఉబ్బిన కాళ్లలోనూ, జలోదరంతో బిగుసుకున్న పొట్టలోనూ మందు సరిగా పీల్చుకోదు. రేడియేషన్ తగిలిన చర్మం, ఎముక ఉబికిన చోటు, ముడతలు కూడా వద్దు. పిల్లల నరాలకు వాడే బటర్‌ఫ్లై సూది గానీ మెత్తని ప్లాస్టిక్ క్యాన్యులా గానీ గుచ్చి, చోటు కనిపించేలా పారదర్శకమైన పట్టీ అంటిస్తారు. ప్లాస్టిక్‌ది ఎక్కువ రోజులు నిలుస్తుంది, చర్మం తక్కువ ఎర్రబడుతుంది. చోటు గట్టిపడినా, ఎర్రబడినా, నొప్పి పుట్టినా గడువు చూడకుండా మార్చేయాలి.

పంపు నడుస్తున్నప్పుడు ఆసుపత్రిలో నర్సు సుమారు నాలుగు గంటలకోసారి వచ్చి చూస్తుంది. ఇంట్లో అయితే ఆ కళ్లు కుటుంబానివే. పచ్చ దీపం మిణుకుతోందా, సిరంజిలో మందు గంట గంటకూ తగ్గుతోందా, గొట్టం ఎక్కడైనా మడత పడిందా, ద్రావణం మబ్బుగా ఉందా, సూది చుట్టూ తడిగా ఉందా, ఇవన్నీ చదువుకోనివారికి కూడా నేర్పగలిగినవే. పంపును రోగి కంటే బాగా ఎత్తులో వేలాడదీయకూడదు. సిరంజి సరిగా బిగించి లేకపోతే మందు దానంతట అదే కిందికి జారిపోతుంది. నీళ్లలో తడపకూడదు, ఎమ్మారై స్కాన్ గదిలోకి తీసుకెళ్లకూడదు. ఎండ తగలకుండా సంచిలో ఉంచాలి. లోపల మిగిలిన మందు లెక్కకు సరిపోకపోతే పంపు ఆగిందనో, వేగం తప్పిందనో అనుకుని వెంటనే బృందానికి చెప్పాలి. మోగిన పంపును మీటలు నొక్కి అలాగే వదిలేయడం, తెల్లారాక చెబుదాంలే అనుకోవడం, ఈ రెంటి వల్లే రోగి రాత్రంతా నరకం అనుభవిస్తాడు.

మార్ఫిన్ ఎక్కువైన లక్షణాలు కూడా ఇంట్లోవాళ్లకు తెలియాలి. లేపినా లేవనంత మత్తు, సూదిమొనలంత చిన్నవైన కనుపాపలు, బాగా నెమ్మదించిన శ్వాస, చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు అదరడం, లేనివి కనిపిస్తున్నాయని చెప్పడం. మూత్రపిండాలు పాడైనవారిలో ఇవి త్వరగా వస్తాయి, ఎందుకంటే మార్ఫిన్ ఒంట్లో మారి ఏర్పడే పదార్థాలు మూత్రం ద్వారానే బయటికి పోవాలి. అలాంటివారికి మోతాదు తగ్గిస్తారు, లేదా ఫెంటానిల్‌కు మారుస్తారు. మార్ఫిన్ ఎవరికైనా మలబద్ధకం తెస్తుంది. విరేచనం మందు దానికి తోడుగా రాయకపోవడం వైద్యుల వైపు నుంచి తరచూ జరిగే లోపం.

పంపు పెట్టారంటే ఇక రోజులు దగ్గరపడ్డట్టే అన్న భయం అన్ని దేశాల్లోనూ ఉంది. పంపు పెట్టిన కొన్నాళ్లకు రోగి చనిపోవడం బంధువులు చూస్తారు, పంపే ఆయువు తీసిందనుకుంటారు. జరిగేది తలకిందులు. రోగి మింగలేని దశకు చేరాడు కనుక పంపు పెట్టారు. ఆ దశ తెచ్చింది వ్యాధి. బాధకు తగినంత, మెల్లగా పెంచుతూ ఇచ్చిన మార్ఫిన్ ఆయువును తగ్గించదని ఈ రంగంలో పనిచేసేవారి అనుభవమూ పరిశోధనలూ ఒకే మాటగా చెబుతున్నాయి. అయినా ఈ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తగదు. "నాన్నకి ఇది ఎందుకు పెడుతున్నారు డాక్టరుగారూ?" అని కొడుకు అడిగితే, ఏ మందు ఎంత వెళ్తోందో, దేనికోసమో కూర్చుని చెప్పాలి. గోస్పోర్ట్‌లో కుటుంబాలు అడిగిన ప్రశ్నలను ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడం వల్లే నిజం బయటపడడానికి అంతకాలం పట్టింది.

మన దేశంలో సిరంజి డ్రైవర్ ఇప్పటికీ ఎక్కువమందికి అందని వస్తువే. ఆసుపత్రుల్లో ఐసీయూ పంపులు ఉంటాయి కానీ అవి పెద్దవి, మంచం పక్కనే కరెంటు ప్లగ్గుకు తగిలించి ఉండాలి, ఇంటికి తీసుకెళ్లేవి కావు. అంతకంటే పెద్ద అడ్డంకి చాలాకాలం మార్ఫినే. మార్ఫిన్‌కు మూలమైన గసగసాల మొక్కను మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో చట్టబద్ధంగా సాగుచేసే దేశంలోనే రోగులకు మార్ఫిన్ దొరికేది కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఒక్క మందు తెప్పించుకోవడానికి అనేక శాఖల లైసెన్సులు కావలసి వచ్చేది. ఏ ఒక్కదాని గడువు తీరినా సరఫరా ఆగిపోయేది. కేరళలో ఉపశమన చికిత్స సంస్థ పాలియం ఇండియా వ్యవస్థాపకుడు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయనతో కలిసి నడిచినవారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం వల్ల 2014లో ఆ చట్టం సవరణకు నోచుకుంది. అవసరమైన మాదక ఔషధాల విభాగం ఏర్పడి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ అనుమతి ఒక్కటే చాలన్న పద్ధతి వచ్చింది.

హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది, నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లోనూ ఉపశమన చికిత్స కేంద్రాలు తెరిచింది. రోగికి పంపు దొరకని చోట ఇలాంటి బృందాలు అనుసరించే సులువైన పద్ధతి ఒకటుంది. చర్మం కింద ఒక బటర్‌ఫ్లై సూది పెట్టి అంటించి ఉంచుతారు. నాలుగు గంటలకోసారి వేయాల్సిన మోతాదులను లేబుల్ అంటించిన సిరంజిల్లో నింపి ఇచ్చి, గొట్టం చివర నుంచి ఎలా ఎక్కించాలో కొడుక్కో కోడలికో నేర్పుతారు. రోగిని మళ్లీ మళ్లీ పొడవనక్కర లేదు. రాత్రి అలారం పెట్టుకుని లేవాల్సిన శ్రమ ఒక్కటే మిగులుతుంది. కరెంటూ బ్యాటరీ ఏదీ అక్కర్లేని ఎలాస్టోమెరిక్ పంపులు కూడా ఉన్నాయి. మందు నింపితే సాగిన రబ్బరు బుడగ తిరిగి ముడుచుకుంటూ ఆ ఒత్తిడితోనే మందును పంపుతుంది. ఖరీదు ఎక్కువ, వేగం కచ్చితంగా ఉండదు, మధ్యలో మోతాదు మార్చడం కుదరదు. పల్లెకు పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం అదీ ఒక దారే.

రోగి చనిపోయాక పంపును ఆపి, సిరంజిలో ఎంత మందు మిగిలిందో రాసి, ఇద్దరి సమక్షంలో దాన్ని పారబోస్తారు. ఇంట్లో వాడని మార్ఫిన్ ఆంప్యూళ్లుంటే ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇది తోచకపోవచ్చు కనుక బృందమే గుర్తుపెట్టుకుని అడగాలి.

ఇంట్లో క్యాన్సర్ ముదిరిన మనిషి ఉన్నవారు మాత్ర గొంతు దిగని రోజు వచ్చేదాకా ఆగకూడదు. ఇంకా మింగగలుగుతున్నప్పుడే దగ్గరలోని ఉపశమన చికిత్స కేంద్రంలో పేరు నమోదు చేయించుకుని, రేపు మింగలేకపోతే మందు ఎలా ఇస్తారు, రాత్రి నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్న రెండు ప్రశ్నలు అడిగి, జవాబు రాయించుకుని ఉంచుకోవాలి.